పాట నేర్పినవారు మన మధ్య ఉండగానే

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకసారి తెరిచి చూడండి. చాలా కీర్తనల పైన చిన్న అక్షరాలతో రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. అంతే. స్వరాలు ఉండవు. పల్లె సంఘాల్లో మన చేతుల్లో ఉండేది ఈ పుస్తకమే. శంకరాభరణం అని చదివినంత మాత్రాన శంకరాభరణం పాడగలవారు మనలో ఎందరు? అయినా ప్రతి ఆదివారం పాడుతున్నాం. ఎలా పాడుతున్నాం? ఎవరో ఒకరు నేర్పితే పాడుతున్నాం. అమ్మ ఒడిలో విన్నాం, సండేస్కూలు పంతులుగారు బెత్తంతో తాళం వేస్తే నేర్చుకున్నాం, బైబిలు స్త్రీ ఇంటింటికీ తిరిగి పాడుతుంటే వెనకాల తిరిగి పట్టుకున్నాం.

అంటే మన కీర్తనల్లో సగం పుస్తకంలో ఉంది, తక్కిన సగం మనుషుల గొంతులో ఉంది. ఆ గొంతు ఆగిపోతే ఆ సగం పోతుంది. పుస్తకం మాత్రం అలాగే ఉంటుంది.

పురుషోత్తమ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టారు. 1833లో బాప్తిస్మం పొందారు, 1890లో ప్రభువునందు నిద్రించారు. మన జనానికి తెలిసిన రాగాల్లో, తాళాల్లో ఆయన క్రీస్తును కీర్తించారు. ఆయన పేరు మనకు తెలుసు, పుస్తకంలో అచ్చయి ఉంది. కాని ఆయన కీర్తన ఆనాటి నుండి మన ఊరి దాకా నడిచి వచ్చిందంటే మధ్యలో ఎన్ని తరాలవారు దాన్ని మోసుకొచ్చి ఉండాలి? వారి పేర్లు మనకు తెలియవు. ఆ వరుసలో ఆఖరున ఉన్నవారు మాత్రం మనకు తెలుసు. మన గుడిలో స్తంభం పక్కన కూర్చుంటారు.

మన అలవాటు ఒకటి చెప్పాలి. మనిషి ఉన్నంతకాలం పలకరించం. పోయాక పూలదండలు తెస్తాం. భూస్థాపన రోజున ఒకరి తరువాత ఒకరు లేచి, ఆయన పాడితే పరలోకం దిగి వచ్చేదని సాక్ష్యం చెబుతాం. పెట్టెలో ఉన్న మనిషికి ఆ మాటలు వినబడవు. జ్ఞాపకార్థ కూడిక భోజనాలకు పెట్టే ఖర్చులో పదో వంతు ఆయన బతికుండగా కంటి ఆపరేషనుకు పెట్టి ఉంటే మరో పదేళ్లు పుస్తకం చూసి పాడేవాడు కదా అని నాకు చాలాసార్లు అనిపించింది. పాదిరిని గనుక భూస్థాపనలు ఎక్కువగా చూస్తాను, అందుకే ఈ మాట.

వాక్యం ఏమి చెబుతుందో చూద్దాం. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయాన్ని చాలామంది పేర్ల జాబితా అని దాటేస్తారు. కొంచెం ఆగి చదవండి. ఆసాపు, హేమాను, యెదూతూను అనే ముగ్గురి చేతికింద గాయకులను దావీదు ఏర్పాటు చేశాడు. పాటలో ప్రవీణులైనవారు 288 మంది. పన్నెండేసి మంది చొప్పున 24 వంతులు. వంతులకు చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద, గురువు శిష్యుడు అనే తేడా లేకుండా అందరూ కలిసి వేశారు. నేర్పినవాడు, నేర్చుకున్నవాడు ఒకే వరుసలో నిలబడ్డారు. హేమానుకు పద్నాలుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు అని కూడా అక్కడ రాసి ఉంది. అదే గ్రంథం 15వ అధ్యాయంలో కెనన్యా అనే ఆయన కనబడతాడు. ఆయన ప్రవీణుడు గనుక పాట నేర్పే పని ఆయనకు అప్పగించారట. పాట నేర్పేవాని పేరును పరిశుద్ధాత్మ దేవుడు గ్రంథంలో రాయించాడు. మన సంఘం రిజిస్టరులో మనమెందుకు రాయం?

ఇంకొక సంగతి నెహెమ్యా 13వ అధ్యాయంలో ఉంది. దీన్ని ప్రతి సంఘ కమిటీ చదవాలి. నెహెమ్యా కొంతకాలం యెరూషలేములో లేడు. తిరిగి వచ్చి చూస్తే దేవుని మందిరంలో పాట లేదు. లేవీయులు, గాయకులు ఎవరి పొలానికి వారు వెళ్లిపోయారు. వారికి భక్తి తగ్గి కాదు, ఇవ్వవలసిన భాగం ఎవరూ ఇవ్వలేదు. నెహెమ్యా గాయకులను కోప్పడలేదు, అధికారులతో వాదించాడు. తరువాత వెళ్లినవారిని పోగుచేసి మళ్లీ వారి వారి స్థలాల్లో నిలబెట్టాడు.

పొలానికి వెళ్లిపోయిన గాయకులు మన ఊళ్లలోనూ ఉన్నారు. కీబోర్డు వచ్చింది, దానిలో మీట నొక్కితే తబలా, డోలక్ అన్నీ మోగుతాయి. ముప్పయ్యేళ్లు తబలా కొట్టిన మనిషితో ఎవరూ “రావద్దు” అనలేదు. “రండి” అని కూడా అనలేదు. నాలుగు ఆదివారాలు తబలా మీద గుడ్డ తీయకుండా కూర్చున్నాడు, ఐదో ఆదివారం నుండి చేనికి వెళ్తున్నాడు. కీబోర్డు మీద నాకు పగ లేదు, మా పిల్లలు చక్కగా వాయిస్తారు. హార్మోనియం కూడా ఒకనాడు పరాయిదే. మన రాగాల గమకాలు దాని మీద పలకవని 1940లో ఆలిండియా రేడియో దాన్ని పక్కన పెట్టి, 1970ల దాకా రానివ్వలేదు. ఆ కాలమంతా మన గుళ్లలో మాత్రం అది మోగుతూనే ఉంది. కొత్త వాయిద్యం వచ్చినందువల్ల పాత మనిషి లేచిపోవాలని ఎక్కడా లేదు. మీట నొక్కితే వచ్చే తాళం పాడేవాడి ఆయాసం చూసి ఆగదు. తబలా అతను చూసి ఆగుతాడు.

మా పాస్టరేటులో హార్మోనియం వాయించే పెద్దాయన ఉన్నారు. ఎనభైకి దగ్గరలో ఉంటారు. వారికి తబలా తోడు వాయించే ఆయన నాలుగైదేళ్లు చిన్న. కిందటేడు క్రిస్మసు ముందు యౌవనస్థులు ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఇప్పుడు ఎవరూ పాడని కీర్తనలు పాడమని అడిగారు. మూడో కీర్తన దగ్గర తగాదా వచ్చింది.

“అది త్రిపుట కాదు బావా, రూపకం. నువ్వు పెట్టె మీద సాగదీసి సాగదీసి దాన్ని అలా చేశావు.”

“నాకు పంతులుగారు ఎలా చెప్పారో అలాగే పాడాను. నీకెవరు చెప్పారు?”

“నాకూ ఆయనే చెప్పాడు. నువ్వు ఆ రోజు జ్వరమని రాలేదు.”

పిల్లలు నవ్వారు గాని, నేను జాగ్రత్తగా విన్నాను. అరవయ్యేళ్ల కిందట ఒక బడిపంతులు ఏ సాయంత్రం ఏమి నేర్పాడో ఈ ఇద్దరికి తప్ప భూమి మీద ఎవరికీ తెలియదు. ఒక్కరే ఉంటే ఆ తగాదా రాదు, అసలు సంగతి బయటపడదు. కలిసి వాయించినవారిని కలిపే కూర్చోబెట్టాలని నాకు ఆ రోజు తెలిసింది. చివరకు పుస్తకం తెచ్చి చూశారు. ఎవరి మాట నెగ్గిందో చెప్పను, ఇద్దరూ ఈ పత్రిక చదువుతారు.

దూరదేశపు సంగతి కూడా ఒకటి రాస్తాను. అమెరికాలో స్పాఫర్డ్ అనే న్యాయవాది నలుగురు కుమార్తెలు 1873లో ఓడ మునిగి చనిపోయారు. ఆ దుఃఖంలో ఆయన రాసిన పాటకు ఫిలిప్ బ్లిస్ రాగం కట్టి 1876 నవంబరు 24న చికాగోలో మొదటిసారి పాడాడు. ఆ రాగానికి మునిగిన ఓడ పేరే పెట్టాడు. సరిగ్గా 35 రోజులకు, డిసెంబరు 29 రాత్రి, మంచు తుఫానులో అష్టబులా దగ్గర రైలు వంతెన కూలి బ్లిస్, ఆయన భార్య ఇద్దరూ చనిపోయారు. ఆయన వయసు 38. ఆ నవంబరు సాయంత్రం పాట విన్నవారిలో లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నవారు ఎందరో మనకు తెలియదు. వచ్చే నెల చెబుదాంలే అనుకున్నవారికి ఆ నెల రాలేదు.

బ్లిస్‌తో కలిసి పాటల పుస్తకం వేసిన శాంకీ మాత్రం చాలాకాలం బతికాడు. మూడీ ప్రసంగిస్తే శాంకీ పాడేవాడు. 1870లో కలిసిన ఆ ఇద్దరినీ 1899లో మూడీ మరణమే విడదీసింది. పాటల వెనక ఉన్న మనుషుల గురించి శాంకీ ఒక పుస్తకం రాసుకున్నాడు. 1902లో అగ్నిప్రమాదంలో ఆ రాతప్రతి కాలిపోయింది. మరుసటి సంవత్సరం చూపు కూడా పోయింది. అయినా జ్ఞాపకం మీద మళ్లీ చెప్పి రాయించాడు, 1906లో అచ్చయింది. 1908లో ఆయన చనిపోయాడు. గుడ్డితనంలో అంత శ్రమ ఎందుకు పడ్డాడంటే, తనతో పాడినవారి పేర్లు తనతోపాటు మట్టిలో కలిసిపోకూడదని అనుకొని ఉంటాడు.

మన దగ్గర అంత పెద్ద పని అక్కరలేదు. ఇంటింటా ఫోను ఉంది. పాటతోపాటు రాగం పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరిలో, అన్నీ వారి నోటనే చెప్పించి నిలపండి. తరువాత ఒక నోటుపుస్తకంలో రాసి గుడి బీరువాలో పెట్టండి, ఎందుకంటే ఫోన్లు పోతుంటాయి. కోతపండుగకు వేలం పాటలో వచ్చిన డబ్బులో వారి మందులకు కొంత తీయండి. పైకి చెప్పి ఇస్తే సిగ్గుపడతారు, ఇంటికి పంపండి. క్వాయరువారు ఒక కీర్తనకైనా శ్రుతి తగ్గించండి. మీ శ్రుతి అందక ఎందరో పెద్దలు ఆరాధనలో పెదవులు మాత్రం కదుపుతున్నారు.

అలిగి పొలానికి వెళ్లినవారి దగ్గరికి పాదిరిగారు ఒక్కరే వెళితే చాలదు. వారి దగ్గర నేర్చుకున్నవారు వెళ్లాలి. వెళ్లేటప్పుడు పాటల పుస్తకం చేతిలో ఉండనివ్వండి. వారికి చూపు ఆనకపోయినా ఫరవాలేదు. మీరు పల్లవి అందిస్తే చరణాలు వారే అందుకుంటారు.