కారు కిస్తీకి ఎన్ని పంటలు?

ఈసారి ఆకు గురించి, పురుగు గురించి కాదు. మా ఇంట్లో నాలుగు నెలలు నలిగిన కారు సంగతి రాస్తున్నాం. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇదే గొడవ నడుస్తుందని మాకు తెలుసు.

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా. ఆ వారమే మా పెద్దోడు ఫోన్‌లో ఫోటోలు పట్టుకొని వచ్చాడు. "నాన్నా, ఏటి ఇంకా ఆలోచన? ఇంతకంటే తగ్గదు" అన్నాడు. అంతకుముందే రెండు బ్యాచ్‌లకు గూళ్ల రేటు కిలో 650 పలికింది. చేతిలో డబ్బు ఉంది. మాకూ ఆశ పుట్టింది, దాచుకోవడం ఎందుకు.

షోరూం వాళ్లు లెక్క చెప్పారు. మనం కొంత కట్టాక 6 లక్షల లోన్, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకు సుమారు 12,600. వినడానికి బాగానే ఉంది. రాత్రి పంటల నోటుబుక్ తీసి కూర్చున్నాం.

మాకు రెండెకరాల తోట. బ్యాచ్‌కి 250 గుడ్లు, ఏడాదికి ఐదు బ్యాచ్‌లు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఉక్కకు పురుగు తట్టుకోదు, అందుకని మేము చాకీ తీసుకురాం. వంద గుడ్లకు 65 కిలోల లెక్కన బ్యాచ్‌కి 162 కిలోలు. కిలో 500 అయితే 81,000. చాకీ, ఎరువు, కూలి, బ్లీచింగ్, విజేత పొడి, బండి అద్దె అన్నీ కలిపి 36,000 పోతే మిగిలేది 45,000. ఇంటి ముందు గది అద్దె వస్తుంది గానీ అది వంటింటికే సరి.

ఇప్పుడు కిస్తీ చూడండి. 12,600 చొప్పున పన్నెండు నెలలకు 1,51,200. అంటే ఐదు పంటల్లో మూడు పంటలు పూర్తిగా, నాలుగో దాంట్లో మూడో వంతు కారుకే. పెట్రోలు ఇంకా పోయలేదు.

అది మామూలు ఏడాది లెక్క. మూడేళ్ల కిందట ఒక బ్యాచ్‌కి నాలుగో జ్వరం లేచాక పాలు కారే రోగం వచ్చింది. తట్టలకు తట్టలు గుంట తీసి పూడ్చాం, 25,000 చేతి నుంచి పోయింది. ఇంకో బ్యాచ్‌కి రేటు 350కి పడింది. ఆ ఏడాది మొత్తం మిగిలింది 1,30,700. కిస్తీకే చాలదు. ఈ ముక్క పెద్దోడికి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ప్రతి ఏడూ అలా ఉండదు కదా" అన్నాడు. నిజమే, ఉండదు. కానీ ఏ ఏడు అలా ఉంటుందో ముందు చెప్పేవాడు ఎవడు?

ఉద్యోగస్తులకు ఒక లెక్క ఉంది. ధరలో ఐదో వంతు ముందే కట్టాలి, లోన్ నాలుగేళ్లు దాటకూడదు, కారు ఖర్చంతా ఆదాయంలో పదో వంతు మించకూడదు. జీతం ఒకటో తారీఖున పడుతుంది కాబట్టి వాళ్లకు అది సరిపోతుంది. మనకు డబ్బు గూళ్లు అమ్మిన రోజే వస్తుంది, కిస్తీ మాత్రం నెల నెలా వస్తుంది. ట్రాక్టర్ లోన్‌కి పంటను చూసి ఆరు నెలలకోసారి కిస్తీ పెడతారు. కారు లోన్‌కి ఆ వెసులుబాటు మాకు ఎవరూ చూపించలేదు.

పైగా మనది తుపాన్ల తీరం. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా షెడ్డు రేకులు పక్క పొలంలో తేలాయి. ఆ ఏడాది మిగతా పంటలు లేవు. అప్పుడు నెల నెలా కిస్తీ ఉండి ఉంటే తోట అమ్ముకునేవాళ్లం.

అయితే కారు వద్దనేది కూడా తేలిక మాట కాదు. మొన్న జూలైలో ఒక రాత్రి అమ్మకు ఆయాసం వచ్చింది. అద్దె కారు డ్రైవర్ ఫోన్ ఎత్తలేదు. వానలో ఆటోలో, పక్కలకు గోనెపట్టా కట్టి, ఎంకేసీజీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. అమ్మ ఏమీ అనలేదు. మా ఇంటావిడ మాత్రం అంది: "షెడ్డుకి పెట్టినంత మనిషికి పెట్టలేమా?" దానికి మా దగ్గర ఇప్పటికీ మంచి జవాబు లేదు.

అందుకని ఏడాదిలో ఎన్నిసార్లు కారు కావలసి వచ్చిందో రాసి చూశాం. పద్నాలుగు సార్లు. ఆసుపత్రికి ఐదు, ఇచ్ఛాపురం వైపు పెళ్లిళ్లకు నాలుగు, చైత్ర మంగళవారం తారాతారిణి కొండకు ఒకటి, మిగతావి చిల్లర పనులు. మొత్తం అద్దె 19,400. మూడేళ్ల సగటు ఆదాయం 2,10,000 కదా, పదో వంతుకి లోపలే ఉంది. షెడ్డు పనికి ఒక్కసారి కూడా కారు కావలసి రాలేదు. గూళ్లకు గాలి ఆడే బండి కావాలి, మూసిన డిక్కీలో పెడితే చెమ్మ పట్టి రేటు పోతుంది. ఇంకోటి, మా సందులో కారు పెట్టే చోటే లేదు. బయట పెట్టడానికి నెలకు వెయ్యి అడిగారు. నిలబెట్టినందుకే ఏడాదికి 12,000!

చివరికి ఇలా ఒప్పుకున్నాం. కొత్త కారు ఇప్పుడు లేదు. దగ్గర్లోని ఒక డ్రైవర్‌కి నెలకు 500 ఇస్తున్నాం, అద్దె వేరే. రాత్రి ఎప్పుడు పిలిచినా రావాలి. ఇది కలిపితే 25,400, పదో వంతు దాటుతుంది. దాటనీ, అమ్మ కోసం. కిలో రేటు 500 దాటినప్పుడు ఆ పైన వచ్చిన దాంట్లో సగం వేరే ఖాతాలో వేస్తున్నాం. 650 పలికిన రెండు బ్యాచ్‌లకు కలిపి 24,300 పడింది. 500 లోపు అమ్మితే ఆ ఖాతాకి ఏమీ లేదు. అది ఒక పాత చిన్న కారుకి సరిపడినప్పుడు రొక్కం ఇచ్చి కొంటాం.

పెద్దోడికి ఇంకా కోపమే. అయినా గూళ్ల రేటు మాకంటే ముందు వాడే చూస్తున్నాడు. నిన్న 480 అని చెప్పి ఫోన్ పక్కన పడేశాడు. మా పురుగు ఇంకో ఐదు రోజుల్లో పండుతుంది, చంద్రికలు కడిగి ఎండలో వేశాం.