అప్పుల చరిత్రకీ స్టీరింగుకీ ఏమిటి సంబంధం?

మా బావమరిది టెక్సాస్‌లోని ఇర్వింగ్ చేరి ఆరు నెలలైంది. మొన్న ఆదివారం ఫోను చేసి, "బావా! నేనిక్కడ ఒక్క యాక్సిడెంటూ చెయ్యలేదు. నా రూమ్మేటు పోయినేడు ఎవరిదో బంపరు విరగ్గొట్టాడు. ఒకే మోడలు కారు, ఒకే కంపెనీ. అయినా వాడికంటే నాకే ఇన్సూరెన్సు ఎక్కువ. ఇదేం న్యాయం?" అని వాపోయాడు. అమెరికా లైసెన్సు కొత్తది కావడం ఒక కారణం. రెండోది కంపెనీవాళ్ళు పంపిన ఉత్తరంలోనే ఉంది: క్రెడిట్ చరిత్ర చాలదట!

నేనుండేది సింగపూరు తూర్పు కొసన, పాసిర్ రిస్‌లో. రెండేళ్ళ క్రితం మా బ్లాకు పక్కనున్న కారు పార్కులో వెనక్కి తీస్తూ పక్క కారుని గుద్దాను. ఇక్కడ క్లెయిము లేని ప్రతి ఏడాదికీ 10 శాతం చొప్పున, ఐదేళ్ళకి 50 శాతం దాకా ప్రీమియం తగ్గిస్తారు. దీన్నే నో క్లెయిమ్ డిస్కౌంట్ అంటారు. నా 50 ఒక్క క్లెయిముతో 20కి పడిపోయింది. అసలు ప్రీమియం 2,000 డాలర్లనుకుంటే, 1,000 కట్టే చోట 1,600 అన్నమాట. ఏడుస్తూనే కట్టాను. కానీ తప్పు నాది, శిక్షా నాదే.

సింగపూరులో క్రెడిట్ స్కోరు లేదనుకోకండి. 2002లో వచ్చిన క్రెడిట్ బ్యూరో 1000 నుంచి 2000 దాకా మార్కులు వేస్తుంది. కారు లోను ఇచ్చేముందు బ్యాంకు దాన్ని చూస్తుంది. ఇన్సూరెన్సు ఫారంలో మాత్రం నా వయసు, ఉద్యోగం, డ్రైవింగు అనుభవం, పాత క్లెయిములు అడిగారు గానీ అప్పుల ఊసెత్తలేదు. మన దేశంలోనూ నో క్లెయిమ్ బోనస్ 20 నుంచి 50 శాతం దాకా ఉండేది క్లెయిముల్ని బట్టే.

అమెరికాలో 1990ల నుంచి క్రెడిట్ రిపోర్టుతో ఇన్సూరెన్సుకని వేరే స్కోరు కడుతున్నారు. ఫైకో సంస్థ పద్ధతిలో బాకీలు వేళకి కట్టడానికి సుమారు 40 శాతం, ఉన్న అప్పుకి 30, చరిత్ర ఎంత పాతదన్నదానికి 15, కొత్త అప్పులకి 10, అప్పుల రకాలకి 5 శాతం బరువు. జీతం ఇందులో లేదు. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయి రాష్ట్రాల్లో కారు ఇన్సూరెన్సుకి దీన్ని వాడనివ్వరు. టెక్సాస్‌లో వాడొచ్చు.

కంపెనీల వాదనా కొట్టిపారేసేది కాదు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక, ఈ స్కోర్లు క్లెయిముల్ని బాగానే ఊహిస్తున్నాయని తేల్చింది. ఎందుకలా జరుగుతోందో మాత్రం తేల్చలేకపోయింది. నల్లజాతివారూ హిస్పానిక్కులూ తక్కువ స్కోర్లలో ఎక్కువగా ఉన్నారనీ చెప్పింది. రెండు విషయాలు కలిసి నడిచినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు కదా!

నన్ను అంతకంటే ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. డేటాబేసుతో పనిచేసేవాళ్ళు మొదట నేర్చుకునే పాఠం: 'నల్' అంటే సున్నా కాదు, సమాచారం లేదని అర్థం. అప్పు ఎగ్గొట్టినవాడూ, అప్పే చెయ్యనివాడూ ఒకటి కాదు. అప్పు చెయ్యకపోవడమే గొప్పని పెరిగిన మావాడికి ఆ గొప్పే ఎదురు తిరిగింది. నా తప్పుకి నేను కట్టాను. వాడు కడుతున్నది ఏ తప్పుకి?

న్యాయం సంగతి అలా ఉంచి, వాడికి చెప్పినవి మీకూ చెబుతాను. క్రెడిట్ వల్ల ప్రీమియం పెంచితే ఆ మాట మనకి తెలియజెయ్యాలని 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం చెబుతోంది. ఆ ఉత్తరం అందిన 60 రోజుల్లోగా రిపోర్టు ఉచితంగా అడగొచ్చు, తప్పులుంటే దిద్దించుకోవచ్చు. నాలుగు కంపెనీల్లో ధరలు అడగండి, అలా అడిగినందుకు స్కోరు తగ్గదు. డిపాజిట్టు కట్టి ఒక క్రెడిట్ కార్డు తీసుకుని, కొంచెమే వాడి, నెలనెలా పూర్తిగా కట్టెయ్యండి. పాలసీ రెన్యువల్ అప్పుడు స్కోరు మళ్ళీ చూడమనండి.

అంతా విని మావాడు, "అంటే కారు జాగ్రత్తగా నడిపితే చాలదు, అప్పు కూడా జాగ్రత్తగా చెయ్యాలన్నమాట!" అన్నాడు. వచ్చే ఏడు నన్నూ డాలస్ ప్రాజెక్టుకి పంపుతారంటున్నారు. మా ఇన్సూరెన్సు వాళ్ళని నా క్లెయిముల చరిత్ర మీద ఒక ఉత్తరం ఇమ్మని ఇప్పుడే అడిగాను. అక్కడ చెల్లుతుందో లేదో అడిగి చూడాలి. నా పేరు ఎదురుగా 'నల్' అని ఉండటం నాకు ఇష్టం లేదు.