దూరవిద్యలో డాక్టరుపట్టము: కారకవిచారము

"దూరవిద్యలో డాక్టరేటు" అను మాట ప్రకటనలయందును, ఉద్యోగస్థుల సంభాషణలయందును నేఁడు తఱచుగా వినవచ్చుచున్నది. ఇందలి "లో" అను దానిని తెలుఁగు వ్యాకర్తలు షష్ఠీవిభక్తులతోఁ జేర్చిరి. కాని ప్రకృతమున దానికి రెండర్థములు పొసఁగుచున్నవి. దూరవిద్య పరిశోధనకు విషయమైనచో నది వైషయికాధికరణము. మోక్షమునం దిచ్ఛ యన్నట్లు "దూరవిద్యయందు" అనవలెను. పట్టము నార్జించుట కుపాయమైనచో నది కరణము, "దూరవిద్యచే" అనవలెను. ఈ భేదము నెఱుఁగనిచో నేండ్ల శ్రమయు, కూడఁబెట్టిన ధనమును వ్యర్థమగుట సంభవించును.

భారతదేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదుననే స్థాపింపఁబడినది. 1991 నుండి యది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరఁ బరఁగుచున్నది. దాని తొలి యుపకులపతి ఆచార్య జి. రామరెడ్డిగారే 1985లో ఢిల్లీయం దేర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి యుపకులపతి యైరి. ఉద్యోగము మానకయే బి.ఏ., ఎం.ఏ. పట్టములఁ బొందుట కీ మార్గము తోడ్పడినది. కెనడాదేశమున అతబాస్కా విశ్వవిద్యాలయము 2008లో దూరవిద్యాశాస్త్రమే విషయముగా, ఆన్‌లైను బోధనయే సాధనముగా డాక్టరేటు నారంభించినది. అచ్చట రెండు కారకములును గలిసినవి.

ఈ దేశమున నట్లు కాదు. 2022 నవంబరు 7వ తేదీని ప్రకటింపఁబడిన యు.జి.సి. నిబంధనలు పీహెచ్.డీ.ని దూరవిద్యారీతిని గాని, ఆన్‌లైను రీతిని గాని నడపరాదని నిషేధించినవి. విదేశసంస్థలతోఁ గూడి వ్యాపారసంస్థలు చూపు ఆన్‌లైను పీహెచ్.డీ.లకు గుర్తింపు లేదని యంతకు ముందు నెలలోనే హెచ్చరిక వెలువడినది. నిషేధము కరణమునకే, విషయమునకుఁ గాదు.

నిషేధముతోపాటు విధియుఁ గలదు. ఉద్యోగస్థుఁడు పార్ట్‌టైము పరిశోధకుఁడుగాఁ జేరవచ్చును. అందులకు యజమాని నిరభ్యంతరపత్ర మీయవలెను. అభ్యర్థి చదువునకు అనుమతి గలదనియు, అతని విధులు పరిశోధనకుఁ దగిన కాలము మిగుల్చుననియు, కోర్సువర్కు పూర్తిచేయుటకు అవసరమైనచో సెలవిత్తుమనియు నందుండవలెను. కోర్సువర్కునకుఁ గనీసము 12 క్రెడిట్లు. మొత్తము కాలము మూఁడేండ్లకుఁ దక్కువ కారాదు. సామాన్యముగా నాఱేండ్లు మీఱరాదు.

విజయవాడ రహదారిపై నున్న అబ్దుల్లాపూర్‌మెట్టున నొక యధ్యాపకుఁడు గలఁడనుకొందము. పగలు పాఠములు చెప్పి, రాత్రి యింటఁ దెరముందుఁ గూర్చుండి పట్టము పొందఁదలఁచిన నతనికి నిబంధన యడ్డువచ్చును. దూరవిద్యనే విషయముగాఁ గొన్నచో సామగ్రి సమీపముననే యున్నది. సార్వత్రిక విద్యార్థులు నడుమఁ జదువు మానుటకుఁ గారణమేమి, గురువు లేనిచోఁ బాఠ్యపుస్తకరచన యెట్లుండవలెను అనునవి చక్కని ప్రశ్నలు. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగరువఱకు మెట్రోరైలు వచ్చినది. బస్సున నచ్చటికిఁ జేరి, అమీర్‌పేటవైపు రైలున సాఁగి, నగరమున నున్న పర్యవేక్షకునిఁ గలసికొనుట యసాధ్యము గాదు.

శిష్యునకు సంస్కృతమున "అంతేవాసి" యని పేరు. అలుక్సమాస మగుటచే నందలి సప్తమి లోపింపక నిలిచినది. సమీపమున వసించువాఁడని యర్థము. చదువు దూరమునుండి సాగినను, పరిశోధనయం దీ సామీప్యము లోపింపరాదని నిబంధనకర్తల యాశయముగాఁ దోఁచుచున్నది. కావున ప్రకటనఁ జూచినవారు రుసుము చెల్లించుటకు ముందే యందలి "లో" అధికరణార్థకమో, కరణార్థకమో విచారించుట యుక్తము.