పెద్ద వయసులో ప్రొస్టేట్ క్యాన్సర్: ఏ వైద్యం, ఎంతవరకు?

చిత్తూరు వైపు ఇంటిపెద్దకు క్యాన్సర్ అని తేలితే పిల్లల నోట వచ్చే మొదటి మాట "వేలూరు పోదాం". అక్కడి సీఎంసీ ఆస్పత్రి మీద ఈ ప్రాంతానికి అంత గురి. ఇప్పుడు తిరుపతిలోనే 1993 నుంచి నడుస్తున్న స్విమ్స్ ఆస్పత్రి ఉంది, 2022లో టాటా ట్రస్టుల చొరవతో అలిపిరి దగ్గర తెరిచిన క్యాన్సర్ ఆస్పత్రీ ఉంది. ఎక్కడికి పోవాలన్నది మునుపటంత చిక్కు కాదు. ఏ వైద్యం, ఎంతవరకు అన్నదే చిక్కు. ఆ మాట చాలా ఇళ్లలో పెద్దాయన్ను అడగనే అడగరు. ఇది నాకు బాధగా ఉంటుంది.

బయాప్సీ రిపోర్టులో గ్లీసన్ స్కోరు అని ఒకటి ఉంటుంది. 3+3 అని ఉంటే గడ్డ నెమ్మదైనది. 4+4, 4+5 అని ఉంటే దూకుడుగా పెరిగేది. దానితోపాటు రక్తపరీక్షలో పీఎస్‌ఏ ఎంత, జబ్బు ఎముకలకు పాకిందా, మనిషికి గుండె, షుగరు, కిడ్నీల పరిస్థితేమిటి అన్నవి కలిపి చూడాలి.

నెమ్మదైన గడ్డకు వెంటనే కత్తి పట్టనక్కర్లేదు. బ్రిటన్‌లో ప్రొస్టేట్ గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు రేడియేషన్ ఇచ్చి, మూడో జట్టును పీఎస్‌ఏ చూస్తూ కనిపెట్టుకుని ఉన్నారు. 2023లో వచ్చిన పదిహేనేళ్ల ఫలితాల్లో ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఏ జట్టులోనూ నూటికి దాదాపు ముగ్గురికి మించి లేరు. అయితే కనిపెట్టుకుని ఉన్న జట్టులో జబ్బు దూరం పాకడం దాదాపు రెట్టింపు, సగానికి పైగా మంది తర్వాత వైద్యం చేయించుకున్నారు కూడా. కాబట్టి ఊరుకోవడం అంటే పరీక్షలు మానేయడం కాదు.

డెబ్బై అయిదు దాటినవారికి గ్రంథి మొత్తం తీసేసే ఆపరేషన్ అరుదుగానే చెబుతారు. ఆ ఆపరేషన్ తర్వాత మూత్రం ఆగక కారడం పెద్ద వయసులో తొందరగా తగ్గదు. రేడియేషన్ అయితే వారానికి ఐదు రోజులు చొప్పున నాలుగు వారాలో, పాత పద్ధతిలో ఏడెనిమిది వారాలో. పలమనేరు నుంచో మదనపల్లె నుంచో వచ్చేవాళ్లు తిరుపతిలో గది, తోడు ఉండే మనిషి గురించి ముందే ఆలోచించుకోవాలి.

మన దగ్గర నడుంనొప్పితో వచ్చి, ఎముకలకు పాకిందని అప్పుడే తెలుసుకునేవాళ్లు చాలామంది. వాళ్లకు అసలు వైద్యం హార్మోను తగ్గించడం. ఈ క్యాన్సర్‌కు మేత మగ హార్మోను అని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపాడు. అందుకు ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది. హార్మోను తగ్గించడానికి రెండు దారులు. ఒకటి, నెలకో మూడు నెలలకో ఇంజక్షన్. రెండోది, వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్. పని రెండింటిదీ ఒకటే. ఆపరేషన్ ఒక్కసారి ఖర్చుతో తీరుతుంది, ప్రతి మూడు నెలలకూ బస్సెక్కే బాధ ఉండదు. అయినా ఆ మాట వినగానే ఇంట్లో అందరూ తల దించుకుంటారు. మగతనం మీద దెబ్బ ఇంజక్షన్‌తోనూ ఉంటుంది, ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం కూడా. ఈ సంగతి సరిగ్గా చెబితే ఒప్పుకునే పెద్దవాళ్లు ఉంటారు. చెప్పకుండా కొడుకులే నిర్ణయించడం అన్యాయం.

హార్మోను తగ్గించే ఈ వైద్యానికి తోడు అబిరటెరోన్ వంటి మాత్రలు ఇస్తారు. దేశీ కంపెనీలే తయారుచేస్తున్నాయి. వాటిని పరగడుపునే మింగాలి. అన్నం తిని వేసుకుంటే మందు ఒంట్లోకి మోతాదు మించి చేరుతుంది. వాటితో స్టెరాయిడ్ మాత్ర కూడా ఉంటుంది కాబట్టి షుగరు, బీపీ చూసుకుంటూ ఉండాలి.

హార్మోను తగ్గించే ఇంజక్షన్లలో కొన్ని మొదట్లో దాన్ని తగ్గించకపోగా పెంచుతాయి. అందుకే ముందు కొన్నాళ్లు వేరే మాత్ర ఇస్తారు, దాన్ని మానకూడదు. వెన్నెముకలో జబ్బు ఉన్న మనిషికి కాళ్లు పట్టు తప్పినా, మొద్దుబారినా, మూత్రం బిగబట్టినా తెల్లారేదాకా చూడకండి. ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్తే నడిచే కాళ్లు దక్కే అవకాశం ఉంటుంది.