పోగు తెగితే ఆగే మగ్గం

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నగరం తెలుగువారికి సుపరిచితమే. నేడు టెస్లా కార్లు తయారవుతున్న అక్కడి కర్మాగారంలోనే, 1980వ దశకంలో, నాణ్యతకూ కార్మికుని తృప్తికీ గల సంబంధాన్ని బయటపెట్టిన ఒక ప్రయోగం జరిగిందన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

ఆ కర్మాగారం మొదట జనరల్ మోటార్స్ సంస్థది. మామూలు రోజులలోనే నూటికి ఇరవైమంది పనికి వచ్చేవారు కారు. అపరిష్కృతమైన ఫిర్యాదులు వేలల్లో ఉండేవి. లోపం కంటబడినా అసెంబ్లీ లైను ఆగరాదన్నదే అక్కడి శాసనం. బిగించని మర కూడా కారుతోపాటే ముందుకు సాగిపోయేది. 1982లో కర్మాగారం మూతపడింది.

1984లో జనరల్ మోటార్స్, టొయోటా సంస్థలు కలిసి దానిని 'నుమ్మీ' అన్న పేరుతో తిరిగి నడిపించాయి. చేరినవారిలో అత్యధికులు ఆ పాత కార్మికులే, సంఘమూ అదే. అయినా రెండేళ్లు తిరిగేసరికి అక్కడి కార్లు జపానులో తయారైన వాటితో ఇంచుమించు సరితూగాయి. గైర్హాజరు నూటికి మూడు నాలుగుకు దిగింది.

మారినదేమిటి? ప్రతి కార్మికునికీ అందేటట్లు ఒక తాడు వేలాడదీశారు. అనుమానం కలిగితే దానిని లాగవచ్చు. దీపం వెలుగుతుంది, బృంద నాయకుడు పరుగున వస్తాడు. కారు ఆ చోటు దాటేలోగా లోపం సరికాకపోతే లైను ఆగిపోతుంది. ఆపినందుకు దండన లేదు.

ఈ ఆలోచన పుట్టింది కార్లలో కాదు, మగ్గంలో. సాకిచి టొయోడా 1924లో రూపొందించిన స్వయంచాలక మగ్గం, పడుగు పోగు తెగితే తనంతట తానే ఆగేది. పోగు తెగినప్పుడు మన చేనేత కార్మికుడూ నేత ఆపి ముడి వేస్తాడు. దానిని సోమరితనమని ఎవరూ అనరు. ఆగకుండా నేసుకుపోయే యంత్రమే గుడ్డను పాడుచేస్తుంది.

ఇంకొక విశేషం. నుమ్మీలో పని తేలికపడలేదు సరికదా, పెరిగింది. పూర్వం నిమిషంలో సుమారు 45 సెకన్లు చేతులు ఆడితే, ఇక్కడ 57 సెకన్ల దాకా ఆడేవి. అయినా 1990వ దశకారంభం నాటికి నూటికి తొంభైమందికి పైగా తాము తృప్తిగా ఉన్నామని సర్వేలలో తెలిపారు. పూర్వం పని పద్ధతిని ఇంజనీర్లు నిర్ణయించి పైనుంచి పంపేవారు. నుమ్మీలో బృందమే స్టాప్‌వాచి చేతబట్టి తన పనిని తానే కొలిచి, దిద్దుకునేది. అంతకన్న ముఖ్యం ఉద్యోగ భద్రత. 1988లో అమ్మకాలు పడిపోయినప్పుడు ఎవరినీ తొలగించలేదు. మిగిలిన సమయాన్ని శిక్షణకూ పని మెరుగుదలకూ వినియోగించారు. తన సూచన తన ఉద్యోగానికే ఎసరు పెడుతుందన్న భయం ఉన్నచోట తాడు వ్రేలాడదీసి ప్రయోజనమేమిటి?

అంతా సవ్యంగా సాగిందనీ కాదు. 1993 నమూనా కారు ప్రవేశపెట్టిన వేళ కండరాల, కీళ్ల బాధలు పెచ్చుపెరిగి, రాష్ట్ర భద్రతాధికారులు అభ్యంతరం తెలిపారు. ఆ మూడు నిమిషపు సెకన్ల విరామం శరీరానికి చాలదని విమర్శకులు అన్నదానిలో నిజం లేకపోలేదు.

జనరల్ మోటార్స్ ఈ పద్ధతులను వాన్ నైస్ కర్మాగారంలోనూ అమలు చేయబూనింది. అక్కడ కార్మికులలో చాలమంది విశ్వసించలేదు. అది 1992లో మూతపడింది. ఇక నుమ్మీ కథ ముగియడానికి కారణం నాణ్యతా లోపం కాదు. 2009లో దివాలా తీసిన జనరల్ మోటార్స్ భాగస్వామ్యం నుంచి తప్పుకొంది; టొయోటా ఒంటరిగా నడపడానికి ఇష్టపడలేదు. 2010 ఏప్రిల్ 1న చివరి కారు లైను దిగింది. సుమారు 4,700 మంది ఉద్యోగాలు పోయాయి.