మూడేళ్ల స్కాచ్... మూడు గంటల నీరా!

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఆ మాటకు జడిసే కాబోలు, ఐనవిల్లి చేలగట్ల మీద తాళ్లున్నా నీరా రుచి చూడనివారెందరో!

స్కాచ్ విస్కీ ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు మగ్గాలి. సింగిల్ మాల్ట్ ప్రియులు ముందు వాసన చూసి, నాలుగు చుక్కల నీళ్లు కలిపి, నెమ్మదిగా చప్పరిస్తారు. ఖరీదేమో వేలల్లో. నీరాకూ అదే మర్యాద చెయ్యొచ్చు. కాకపోతే దీని గడువు ఏళ్లు కాదు, గంటలే.

గీత కార్మికుడు గెల కొస చెక్కి, లోపల సున్నం రాసిన లొట్టి కడతాడు. రాత్రంతా చుక్కచుక్కగా దిగుతుంది. సున్నం లేకపోతే ఈస్టు చేరి, తీపిని తినేసి మత్తుగా మారుస్తుంది. అదే కల్లు. ఇంకా ఉంచారా, వెనిగరే!

తెల్లవారుతూనే దించినదాన్ని తేరనిచ్చి, వడగట్టి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టండి. పులుపు ఘాటు తగిలితే పిల్లలకు ఇవ్వకండి. మొదటి గుక్క నాలుక మీద కాసేపు ఆపితే ముందు తీపి, వెనకే సన్నటి వగరు. నాలుక గరగరలాడితే సున్నం ఎక్కువైనట్టే. ఐసు మాత్రం వద్దు, వాసన చచ్చిపోతుంది.

2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫే తెరిచారు. చెట్టు మాత్రం ఇప్పటికీ మోకు బిగించుకుని మనిషే ఎక్కాలి, అదీ చీకటితోనే. ఆ ఎక్కేవాళ్లే తగ్గిపోతున్నారు.