భూమిలో చమురంతా గోదాము సరుకు కాదు

చమురు నిల్వలు గోదాములోని బస్తాలవంటివి కావు. రాతిలోని సూక్ష్మరంధ్రాలలో ఇమిడి ఉంటాయి. రాజస్థాన్‌లోని బార్మేర్ జిల్లాలో 2004లో కనుగొన్న మంగళా క్షేత్రమే ఇందుకు ఉదాహరణ. 2009లో ఉత్పత్తి ఆరంభమైన ఈ క్షేత్రంలో చమురును బావివైపు నెట్టడానికి రాతిలోకి నీటిని ఎక్కించారు. కాని అక్కడి మైనపు చమురు నీటికంటె బాగా చిక్కన. పలుచని నీరు సులువైన దారిన ముందే బావికి చేరుతుంది, చమురు వెనుకబడుతుంది. అందువల్ల 2014-15లో నీటిలో పాలిమర్ కలిపి ఎక్కించడం పెద్దయెత్తున చేపట్టారు. చిక్కబడిన నీరు సమంగా కదిలి, మిగిలిన చమురును ముందుకు తోస్తుంది. అయితే పీపాకు పాలిమర్ ఖర్చు కలుస్తుంది. ధర పడితే గిట్టుబాటు తగ్గుతుంది. కావున నిల్వల అంకెలతో సరఫరాను లెక్కకట్టే వర్తకులు, అందులో పైకి వచ్చేదెంతో, ఏ ధరకు గిట్టుతుందో కూడా గమనించవలసి ఉంటుంది.